సారీ చెప్తే సరిపోతుందా?

“తెలుగులో సారీకి మాట లేదు, థాంక్స్‌కి మాట లేదు, ఎక్స్‌క్యూజ్ మీకి అసలే లేదు. అందుకే మనవాళ్ళకు మ్యానర్స్ రావు.” ఈ తీర్పు నేను ఈ ఒక్క సంవత్సరంలోనే మూడు చోట్ల విన్నాను. ఒకసారి కోయంబత్తూరులో ఒక పెళ్ళిపందిట్లో, మా బంధువు ఒకాయన నోట. ఇంకోసారి సెలవుల్లో నడిచే ఒక స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో. మూడోసారి మదురైలో మా మేనత్తవాళ్ళ ఊరి తెలుగు కూటంలో. అక్కడ తెలుగును కాపాడుకోవాలని మైకు ముందు అరగంట మాట్లాడిన పెద్దమనిషే, మైకు దిగినాక ఈ మాట అన్నారు. మూడు చోట్లా విన్నవాళ్ళు తలలూపినారు. ఎదురు చెప్పినవాళ్ళు లేరు. ఆ పని ఈ వ్యాసంలో నేను చేస్తున్నాను. చిన్నవాళ్ళ మాటే కదా అని పక్కన పెట్టకుండా పెద్దలు చివరిదాకా చదవాలని కోరుతున్నాను. ఎందుకంటే చివర్లో పెద్దలకే కొంచెం పని ఉంది.

నేను చెప్పేది రెండే రెండు సంగతులు. తెలుగులో మర్యాద మాటలు లేవన్నది అబద్ధం. ఇది మొదటిది. ఆ అబద్ధానికి మనం గర్వంగా చెప్పుకునే జవాబు కూడా సగమే నిజం. ఇది రెండోది. మొదటిది చెప్తే అందరూ చప్పట్లు కొడతారు. రెండోది చెప్తే కొందరికి కోపం వస్తుంది. అయినా రెండూ కలిపి చెప్తేనే న్యాయం.

ముందు అబద్ధం సంగతి చూద్దాం. ఇంగ్లీషులో ‘కమ్’ అనే మాట కలెక్టరుకైనా కుక్కపిల్లకైనా ఒకటే. అందుకే వాళ్ళు దానికి ‘ప్లీజ్’ అతికించుకోవాలి. మన భాషలో ఆ పని క్రియే చేసిపెడుతుంది. రా వేరు, రండి వేరు, దయచేయండి వేరు. ‘దయచేయండి’ అన్నప్పుడు మన గడప తొక్కడమే మీరు మాకు చేసే దయ అని అర్థం. దీనికన్నా పెద్ద ప్లీజ్ ఏ భాషలో ఉందో చూపించమనండి. ఆ మాటలోనుంచి వచ్చిందే ‘దయచేసి’. ఇది ఇంగ్లీషువాళ్ళు మనకు అరువిచ్చిన మాట కాదు.

ఇంట్లోనుంచి బయలుదేరేటప్పుడు మనలో ఎవరైనా ‘పోతాను’ అంటారా? అనరు. ‘పొయ్యొస్తాను’ అంటారు. పోవడంలోనే తిరిగి వస్తానన్న హామీ ఉంది. మన పక్కింటి తమిళులు కూడా ‘పోయిట్టు వరేన్’ అనే అంటారు. బస్సులో ఎవరికైనా కాలు తగిలితే మన చెయ్యి దానంతట అదే వంగి వాళ్ళను తాకి కళ్ళకు అద్దుకుంటుంది. నోరు తెరవకుండా చెప్పిన సారీ అది. దారి కావాలంటే ‘కొంచెం జరగండక్కా’ అంటాం. ముక్కూ మొహం తెలియని మనిషిని అక్కను చేసుకుని అడిగే ఎక్స్‌క్యూజ్ మీ అది. దాహానికి నీళ్ళిచ్చిన పిల్లను అవ్వలు ‘చల్లగా ఉండు తల్లీ’ అంటారు. పని జరిగితే ‘మీ పుణ్యాన జరిగింది’, ‘మీ చలవ’ అంటాం. చెప్పరాని మాట చెప్పవలసి వస్తే ‘తప్పుగా అనుకోవద్దండి’ అని మొదలుపెడతాం. ఇన్ని ఉండగా లేవనడం కళ్ళు మూసుకుని చీకటిగా ఉందనడమే.

కృతజ్ఞత తెలియని జాతికి కృతఘ్నుణ్ణి తిట్టే సామెతలు ఉండవు. మనకు ఎన్ని ఉన్నాయో చూడండి. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టు. సాకులు చెప్పేవాణ్ణి దెప్పడానికి ‘ఆడలేక మద్దెల ఓడు’ ఉండనే ఉంది. ఆలస్యంగా చెప్పే సారీని ‘చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం’ అంటారు.

ఇంకొక మాట చూడండి: మన్నించు. ఇదే మాట తమిళంలో మన్నిప్పు. మన దగ్గర మన్నన అంటే గౌరవం కూడా. ‘మన్నించండి’ అని అడిగినప్పుడు క్షమించమనీ, మనిషిగా మళ్ళీ గౌరవించమనీ రెండూ కలిసి అడుగుతున్నాం. తప్పు చేసినవాడు పోగొట్టుకునేది ఆ మన్ననే గదా. ఇంగ్లీషు సారీ కథ వేరు. అది పాత ఇంగ్లీషులో నొప్పి, పుండు అనే అర్థమున్న మాటనుంచి పుట్టింది. నాకు బాధగా ఉంది అని తన సంగతి చెప్పుకోవడం అది. మన్నించండి అంటే తీర్పును ఎదుటివాళ్ళ చేతిలో పెట్టడం. ఒకటి సమాచారం, ఇంకొకటి ప్రార్థన.

ఇవన్నీ ఆంధ్రదేశంలో ఉండి చెప్పడం సులభం. మనం ఇక్కడ ఉండి చెప్తున్నాం. 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలై 1736 దాకా మదురైలో నాయకుల పాలన సాగింది. 1706నుంచి 1732 వరకు ఏలిన విజయరంగ చొక్కనాథ నాయకుని కొలువులో తెలుగు వచనం వెలిగింది. ఆ రాజే స్వయంగా తెలుగులో వచన గ్రంథాలు రాసినాడు. పద్యం రాజ్యమేలే కాలంలో తెలుగు వచనానికి పీట వేసిన ఊరు మదురై. కోయంబత్తూరు సంగతి తీసుకుంటే, ఇక్కడి కొంగు తమిళంలో మాట మాటకూ ‘ంగ’ చేర్చి మర్యాద చూపిస్తారు. తమిళనాడంతా ఈ ఊరి మర్యాదను మెచ్చుకుంటుంది. ఆ ‘ంగ’కు మన ‘అండి’ తోబుట్టువు లాంటిది. రెండు మర్యాదల మధ్య పెరిగిన పిల్లలకు మ్యానర్స్ రావని ఇంగ్లీషు క్లాసు చెప్తే మనం ఫీజు కట్టి మరీ నమ్ముతున్నాం.

నేను ఇంగ్లీషుకు శత్రువును కాను. ఇంగ్లీషు కావాలి. కాలేజీకి కావాలి, ఉద్యోగానికి కావాలి, లోకం తెలుసుకోవడానికి కావాలి. ఆ మాటలకు కూడా గౌరవమైన పుట్టుకే ఉంది. థ్యాంక్ అనే మాట థింక్‌కు చుట్టం. నువ్వు చేసిన మేలు తలుచుకుంటున్నాను అని మొదటి అర్థం. గుడ్‌బై అంటే దేవుడు నీకు తోడుండుగాక అన్న దీవెన అరిగిపోగా మిగిలిన ముక్క. నా తగాదా ఆ మాటలతో కాదు. వాటిని మనం వాడే తీరుతో.

తీరు ఎలా ఉందో చూడండి. తోసుకుంటూ ముందుకు పోయేవాడు తోస్తూనే సారీ అంటాడు. తగిలినవాళ్ళు తల తిప్పేలోగా అతను నాలుగు అడుగులు దాటి ఉంటాడు. క్లాసులో హోంవర్కు తేని పిల్లలు ‘సారీ సార్’ అని రాగం తీస్తారు, సార్ ‘సిట్’ అంటారు, మరుసటి రోజు అదే రాగం, అదే సిట్. ఆ సారీ తప్పుకు కట్టే టోల్‌గేటు రుసుము లాంటిది. చిల్లర పారేసి బండి ముందుకు పోనిస్తాం. రైలు ఆలస్యమైతే మైకులో వచ్చే మాట అందరికీ తెలుసు: కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. ఎవరు చింతిస్తున్నారు? ఎందుకు ఆలస్యమైంది? రేపు ఏం చేస్తారు? ఒక్కదానికీ జవాబు లేదు. అసౌకర్యం దానంతట అదే కలిగింది, చింత దానంతట అదే పుట్టింది. మధ్యలో మనిషి లేడు.

పెద్ద పెద్ద దేశాలు కూడా ఇదే ఆట ఆడతాయి. 1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్ జలియన్‌వాలా బాగ్‌లో నిరాయుధులైన జనంమీద కాల్పులు జరిపించినారు. సర్కారు ఒప్పుకున్న లెక్క ప్రకారమే 379 మంది చనిపోయినారు. నూరేళ్ళు నిండుతున్న వేళ, 2019 ఏప్రిల్‌లో బ్రిటన్ ప్రధాని థెరెసా మే వాళ్ళ పార్లమెంటులో తీవ్ర విచారం వెలిబుచ్చినారు. విచారమే, క్షమాపణ కాదు. పూర్తి క్షమాపణ చెప్పాలని ప్రతిపక్షం అక్కడే అడిగింది. సారీ అనే మాట పుట్టిన దేశానికే ఆ మాట అవసరమైన చోట నోరు రాలేదు. మన పిల్లలు పెన్సిలు కింద పడితే సారీ అంటున్నారు.

ఇదే ఇంగ్లీషులో నిజమైన క్షమాపణ కూడా ఉంది. అదీ చెప్పాలి. 2008 ఫిబ్రవరి 13న ఆస్ట్రేలియా ప్రధాని కెవిన్ రడ్ ఆ దేశపు ఆదివాసుల ముందు సారీ చెప్పినారు. వాళ్ళ పిల్లలను ప్రభుత్వాలు తల్లుల ఒడినుంచి లాక్కుపోయినందుకు అని, చేసిన పనిని పేరు పెట్టి చెప్పినారు. ఆ బాధితుల్లో కొందరు పార్లమెంటులో కూర్చుని విన్నారు. 1914లో 376 మంది ప్రయాణికులతో వచ్చిన కోమగాట మారు ఓడను కెనడా తన రేవులో ఆపేసి, చాలావరకు అందరినీ తిప్పి పంపింది. అందుకు 2016 మే 18న కెనడా ప్రధాని జస్టిన్ ట్రూడో తమ పార్లమెంటులో క్షమాపణ కోరినారు. 102 ఏళ్ళ తరువాత కోరినా, పనిని పనిగా చెప్పి కోరినారు.

వీటిని పక్కపక్కన పెట్టి చూస్తే క్షమాపణకు కావలసినవి ఏమిటో తెలుస్తుంది. ఏం చేసినామో పేరు పెట్టి చెప్పాలి. చేసింది మేమే అని ఒప్పుకోవాలి. ఎవరికి తగిలిందో వాళ్ళ ముందే చెప్పాలి. నష్టం పూడ్చాలి. మళ్ళీ చెయ్యకూడదు. ఈ ఐదూ ఉంటే ఏ భాషలో చెప్పినా అది క్షమాపణే. ఐదూ లేకపోతే ఏ భాషలో చెప్పినా అది గాలి. మన అవ్వలు వీటిని రెండు మాటల్లో తేల్చేవారు: ‘తప్పయిపోయింది, ఇంక చెయ్యను.’ దాని వెనక దిద్దుబాటు లేకపోతే వాళ్ళే ‘నోటి మాట ఎవడైనా చెప్తాడు’ అని గద్దించేవారు.

ఇక సాకుల సంగతి. ఎక్స్‌క్యూజ్ అనే ఇంగ్లీషు మాటకు రెండు ముఖాలు. ఒకటి మన్నింపు, ఒకటి సాకు. మన బళ్ళలో రెండో ముఖాన్నే వ్యాకరణంతో సహా నేర్పుతున్నారు. సెలవు చీటీ గుర్తు చేసుకోండి. ‘యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని మొదలవుతుంది, ‘యువర్స్ ఒబీడియంట్‌లీ’ అని ముగుస్తుంది. తాతల కాలంనుంచి అదే జ్వరం. అన్న పెళ్ళికి పోయినా జ్వరమే, కులదైవం జాతరకు పోయినా జ్వరమే, తమ్ముణ్ణి చూసుకోవడానికి ఇంట్లో ఎవరూ లేక ఆగిపోయినా జ్వరమే. ఎందుకంటే నమూనా చీటీలో ఉన్నది జ్వరం. బట్టీ పట్టినది జ్వరం. నిజం చెప్పడానికి కావలసిన ఇంగ్లీషు పిల్లకు రాదు, నిజం చెప్పడానికి వచ్చిన తెలుగు ఆ చీటీలో పనికిరాదు. మధ్యలో అబద్ధం ఒక్కటే చక్కగా, తప్పుల్లేకుండా రాయగలుగుతుంది. ఇది పిల్ల తప్పా? తెల్లదొరల కచ్చేరీలో ‘మీ విధేయుడైన సేవకుడు’ అని చేతులు కట్టుకుని రాసిన అర్జీల భాష ఇది. దొరలు 1947లో పోయినారు, అర్జీ మాత్రం బళ్ళో మిగిలిపోయింది.

ఇప్పుడు రెండో సంగతికి వస్తాను. మనం గర్వంగా చెప్పుకునే జవాబు సగమే నిజం అన్నాను గదా. మన భాషలో మర్యాద క్రియలోనే ఉంది, రండి, కూర్చోండి, దయచేయండి అన్నాను. నిజమే. అయితే ఆ ‘అండి’ ఎవరికి? పెద్దలకు, డబ్బున్నవాళ్ళకు, ఆఫీసరుకు, అల్లుడికి. అదే క్రియలో ‘రారా’, ‘ఏయ్’, ‘ఏమే’ కూడా ఉన్నాయి. అవి ఎవరికి? ఇక్కడే మన తెలుగు తల వంచుకోవాలి.

2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్ళు 42 లక్షలకు పైన ఉన్నారు. ఆ 42 లక్షల్లో నాయుళ్ళూ రెడ్లూ మాత్రమే ఉన్నారా? నాయకుల సేనతో, ఆ తరువాతా దక్షిణానికి వచ్చినవాళ్ళలో సేద్యం చేసేవాళ్ళు, నేతగాళ్ళు, బావులు తవ్వినవాళ్ళు, తోలు పని చేసినవాళ్ళు, వీధులు ఊడ్చినవాళ్ళు అందరూ ఉన్నారు. కోయంబత్తూరులో, మదురైలో పొద్దున్నే చీపురు పట్టుకుని వచ్చే అరుంధతీయ కార్మికులు చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. బడిలో అడుగు పెట్టే అవకాశం లేక లిపి నేర్వకపోయినా, తరతరాలుగా తెలుగును నోటితో మోసుకొచ్చినవాళ్ళు వాళ్ళు. మన తెలుగు ఉత్సవాల్లో తిరుమల నాయకుని మహలు పేరు వస్తుంది, రాణి మంగమ్మ పేరు వస్తుంది, జి.డి. నాయుడుగారి పేరు వస్తుంది. రావాలి కూడా. వీధి ఊడ్చే తెలుగు అవ్వ పేరు ఎప్పుడైనా వచ్చిందా? ఆమెను మన వీధిలో పదేళ్ళ పిల్లవాడు కూడా ‘ఏమే’ అంటాడు. ఆమె డెబ్భై ఏళ్ళ మనిషి. మన భాషలోనే మర్యాద ఉందని మైకులో చెప్పేవాళ్ళు దీనికి ఏం జవాబు చెప్తారు?

వాళ్ళకు రావలసింది మాట ఒక్కటే కాదని నాకు తెలుసు. 2009లో తమిళనాడు ప్రభుత్వం అరుంధతీయులకు షెడ్యూల్డు కులాల కోటాలోనే 3 శాతం ప్రత్యేకంగా ఇచ్చే చట్టం చేసింది. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధిస్తూ 2013లో దేశమంతటికీ చట్టం వచ్చింది. మురుగు గుంటల్లో దిగి చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో, దాన్ని 30 లక్షలకు పెంచుతూ 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ పోరాటం నడిపినవాళ్ళలో ముందున్న బెజవాడ విల్సన్ మనలాగే ఆంధ్ర బయట పుట్టిన తెలుగువాడు. కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఊళ్ళో పారిశుద్ధ్య కార్మికుల ఇంట పుట్టి, 2016లో రామన్ మెగసెసే పురస్కారం అందుకున్నారు. ప్రవాసాంధ్రుల గొప్పలు చెప్పుకునేటప్పుడు ఈ పేరు మన నోట ఎందుకు రాదో నాకు అర్థం కాదు.

ఇక్కడ ఇంగ్లీషుకు ఒక మార్కు వెయ్యాలి. ఒకప్పుడు ఇంగ్లీషులో కూడా నువ్వు, మీరు వేరువేరుగా ఉండేవి. కిందివాళ్ళకూ దగ్గరివాళ్ళకూ ‘దౌ’, పెద్దలకు ‘యూ’. కాలక్రమంలో వాళ్ళ వాడుకలోనుంచి ‘దౌ’ పోయింది, ‘యూ’ అందరికీ మిగిలింది. అంటే నువ్వును వదిలేసి మీరును అందరికీ పంచినట్టయింది. మన పిల్లలు కొందరికి సారీ, థాంక్యూ నచ్చడానికి ఇదే కారణమని నా నమ్మకం. ఆ మాటల్లో రా లేదు, ఏమే లేదు. కండక్టరుకైనా కరెస్పాండెంటుకైనా ఒకటే థాంక్యూ. తెలుగులో చెప్పాలంటే ముందు ఎదుటివాడి స్థాయి ఏమిటో తూకం వెయ్యాలి. ఆ తూకం రాయిని మనం పారేస్తే తెలుగులో ధన్యవాదం చెప్పడం ఎంత సులభమో తెలుస్తుంది.

‘ఇంట్లోవాళ్ళకు థాంక్స్ చెప్తే పరాయివాళ్ళను చేసినట్టు గదా’ అని అమ్మమ్మలు అడుగుతారు. ఆ మాటలో నిజం ఉంది. నేను కాదనను. తెల్లవారుజామున లేచి డబ్బా కట్టిచ్చే అమ్మకు ‘థాంక్యూ మదర్’ అంటే ఆమెకే నవ్వొస్తుంది. అయితే థాంక్స్ అక్కర్లేదు అనడం వేరు, ఏమీ చెప్పకుండా తినేసి డబ్బా అక్కడే పడేసి పోవడం వేరు. ‘పులుసు బాగుందమ్మా’ అంటే చాలు. ‘నువ్వు తిన్నావా?’ అని అడిగితే ఇంకా చాలు. డబ్బా మనమే కడిగి పెడితే ఆ రోజుకు ధన్యవాదసభ జరిగినట్టే. ప్రేమ ఉన్న చోట మాట అక్కర్లేదన్న సూత్రం చెప్పేది ఎప్పుడూ తినేవాళ్ళే, వండినవాళ్ళు కాదు. అలాగే ‘పెద్దవాళ్ళు పిల్లలకు క్షమాపణ చెప్పడం ఏమిటి’ అంటారు. తప్పు పెద్దవాళ్ళది అయినప్పుడు చెప్పాలి. పేరు పొరపాటు పడి వేరే పిల్లవాణ్ణి గోడకుర్చీ వేయించిన మాష్టారు ‘పొరపాటు నాదిరా’ అంటే ఆయన పరువు పోదు. ఆ పిల్లవాడు ఆ మాట జన్మంతా మరచిపోడు. క్షమాపణ ఎలా ఉంటుందో వాడికి గోడమీది చార్టు నేర్పలేదు, ఆయన నేర్పినాడు.

ఇంకొక ఆక్షేపణ ఉంది. ‘ఇదంతా చిన్న విషయం, ఉన్న తెలుగును మార్కులకోసం కాపాడుకోవడమే కష్టంగా ఉంది’ అంటారు. నిజమే, కష్టంగానే ఉంది. ప్రాథమిక విద్య మాతృభాషలో అందించే సౌకర్యం ఉండాలని 1956లో రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చినారు. 2006 తమిళ అభ్యసన చట్టం వచ్చాక మైనారిటీ భాషల పిల్లల విషయం కోర్టులదాకా పోయింది. మన ఊళ్ళలో తెలుగు మాట్లాడే ఇళ్ళలో ఎక్కువమంది తెలుగు చదవలేరు, రాయలేరు. తమిళం మన చుట్టూ ఉన్న భాష, అది మనకు బాగా రావాలి. ఇంగ్లీషు రావాలి. మరి తెలుగు ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు పరీక్ష పేపరులో లేదు. ఒక భాష ఏయే పనులకు వాడతామో దాన్నిబట్టి అది బతుకుతుంది. మన ఇళ్ళలో చూడండి. లెక్క ఇంగ్లీషులో, సినిమా తమిళంలో, సారీ థాంక్యూ ఇంగ్లీషులో, తిట్లు మాత్రం తెలుగులో. తిట్టడానికీ కూడు పెట్టమనడానికీ మాత్రమే మిగిలిన భాష ఎన్ని తరాలు ఉంటుంది? మన్నించమని అడగడం, మేలు తలుచుకోవడం, మనిషి చెయ్యగలిగిన పెద్ద పనులు. ఆ పనులు తెలుగులో చెయ్యకపోతే, మన తెలుగు సర్టిఫికెట్టులో ఉంటుంది, నోట్లో ఉండదు.

అలాగని రేపటినుంచి ప్రతివాడూ ‘ధన్యవాదములు’ అనాలని నేను చెప్పడం లేదు. ఆ మాట మన దగ్గర శాలువా లాంటిది. సభల్లో పెట్టెలోనుంచి తీస్తాం, మళ్ళీ మడిచి పెడతాం. కిరాణా కొట్లో ధన్యవాదములు అంటే కొట్టాయన బెదిరిపోతాడు. వాడుకలో ఉన్న మాటలే వాడదాం. మంచిదండి. సంతోషమండి. మేలు చేసినారు. తప్పయిపోయింది. ఏమీ అనుకోకండి. కొంచెం జరగండి. ఇవి పుస్తకం మాటలు కావు, మన నోటి మాటలు. వీటికి ట్యూషన్ అక్కర్లేదు.

చివరగా నాలుగు కోరికలు. వీటిని విన్నపం అనుకోండి, వాదం అనుకోండి, మీ ఇష్టం.

ఒకటో తరగతి గోడమీద ‘మ్యాజిక్ వర్డ్స్’ అని ఉండే చార్టు తియ్యనక్కర్లేదు. దాని పక్కనే తెలుగు మాటలు, తమిళ మాటలు ఉన్న చార్టులు పెట్టండి. ఇంగ్లీషు మాటలు మాత్రమే మ్యాజిక్ అనే అబద్ధం ఆరేళ్ళ వయసులో మెదడులోకి ఎక్కితే అరవై ఏళ్ళకు కూడా దిగదు.

సెలవు చీటీ తెలుగులో, మూడు వాక్యాల్లో, నిజం రాయనివ్వండి. ‘మా అక్క పెళ్ళి, రెండు రోజులు రాలేను, పాఠాలు రాసుకుంటాను’ అంటే చాలు. జ్వరం వచ్చినప్పుడే జ్వరం అని రాద్దాం. నిజం రాసినందుకు తిట్లు పడవని పిల్లలకు నమ్మకం కలిగిస్తే, సాకులు వాటంతట అవే తగ్గుతాయి.

బడి ఊడ్చేవాళ్ళకు, వంట చేసేవాళ్ళకు, గేటు దగ్గర ఉండే తాతకు, వీధి శుభ్రం చేసేవాళ్ళకు ‘మీరు’ అనడం బడి నియమం కావాలి. పిల్లలకే కాదు, పెద్దలకు కూడా. ఇంటి దగ్గర అమ్మానాన్నలు ‘ఏమే’ అంటుంటే బడిలో పిల్ల ‘మీరు’ అనదు.

నాలుగోది వార్షికోత్సవం రోజు వందన సమర్పణ గురించి. అది ఎప్పుడూ ముఖ్య అతిథితో మొదలై, కమిటీ పెద్దల మీదుగా సాగి, మైకుసెట్టు వారితో ముగుస్తుంది. అప్పటికి సగం కుర్చీలు ఖాళీ. ఈసారి వరుస మార్చండి. బడి పిల్లలకు అన్నం పెట్టే పనిలో మన చరిత్ర పెద్దది. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉన్న తెలుగువాడు సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారి కాలంలోనే థౌజండ్ లైట్స్ బడిలో మధ్యాహ్న భోజనం మొదలైంది. 2022 సెప్టెంబరు 15న ముఖ్యమంత్రి ఉదయం ఫలహార పథకం మొదలైంది మన మదురైలోనే. పథకాల పేర్లు, నాయకుల పేర్లు పరీక్షలో రాస్తున్నాం. వండి వడ్డించే అక్కల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? ఆ పేర్లు మొదట చదవండి. గారు చేర్చి చదవండి. జనం ఇంకా కుర్చీల్లో ఉండగానే చదవండి. ఆ తరువాత ముఖ్య అతిథిగారికి ఎంత సేపు వందనం చెప్పినా మేము కదలకుండా కూర్చుని వింటాం.